తొంభై ఎనిమిదా, ఎనభై తొమ్మిదా?

ఆదివారం ఆరాధన అయ్యాక మా డ్రెస్డెన్ సహవాసంలో పిల్లలు పేపరు ప్లేట్లు పట్టుకుని నా చుట్టూ చేరతారు. అంతా మాస్టర్స్ చదవడానికి వచ్చినవాళ్లే. చిప్పుల ఫ్యాక్టరీలో ఎవరికి ఉద్యోగం వచ్చింది, ఎవరికి ఇల్లు దొరకలేదు, వీసా ఆఫీసులో ఎవరికి టెర్మిన్, అంటే అపాయింట్‌మెంట్, దొరికింది, ఎప్పుడూ ఇవే మాటలు. మొన్న వరంగల్ నుంచి వచ్చిన ఒకమ్మాయి పప్పన్నం కలుపుకుంటూ నన్ను అడిగింది.

“అంకుల్, మీరు రిటైర్ అయిన్రు కదా, ఇక్కడ ఏ కంపెనీల చేసిన్రు? సెమీకండక్టరేనా?”

“మైకు సెట్టు కంపెనీ తల్లీ,” అన్నాను.

“మజాక్ చేస్తున్నరు అంకుల్.”

“మజాకేం కాదు. కౌబాయ్ టోపీలు పెట్టుకున్న జర్మన్లకి ఇరవై మూడేళ్లు మైకులు కట్టాను.”

ఒకటే నవ్వులు. ఒక్కరూ నమ్మలేదు. నిజమేనని చెప్పాల్సిన మా ఆవిడ కూడా పెరుగు వడ్డించుకుంటూ పోయింది. అందుకే ఇది రాస్తున్నాను. ఇంకో కారణం కూడా ఉంది. మీ తరం పిల్లలకి ఒక్క మార్కు తగ్గితే నిద్రపట్టదు. జర్మన్‌లో ఒక్క మాట తప్పు పోతే వారం రోజులు నోరు విప్పరు. నా ఉద్యోగంలో నేను చేసిన తప్పులన్నిటిలోకీ పెద్ద తప్పు ఏదో చెప్తాను. చదివి నవ్వుకోండి, నాకేం బాధ లేదు.

మా నాన్నకి నరసాపురంలో మైకు సెట్టు ఉండేది. పెళ్లిళ్లు, ఉజ్జీవ సభలు, ఎన్నికల రిక్షాలు, ఏదైనా మా నాన్న గొట్టం మైకే మోగాలి. నేను పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ డిప్లొమా చేశాను గానీ అసలు చదువు ఆ కొట్లోనే అయింది. మా ఆవిడ నర్సు. జర్మనీలో ఉద్యోగం వచ్చింది ఆవిడకి. ఆవిడ సూట్‌కేసు మోసుకుంటూ వెనకాల వచ్చినవాణ్ణి నేను. ఏడాదిన్నర ఇంట్లో కూర్చుని వంట నేర్చుకున్నాక, సౌండ్ సామాను అద్దెకిచ్చే ఒక చిన్న కంపెనీ నన్ను పనిలోకి తీసుకుంది. మొదటి శనివారమే వ్యానెక్కించి, ఎల్బ నది పక్కన ఒక పల్లెటూరి హాల్లో దించారు.

తలుపు తీసి చూద్దును కదా, లోపలంతా గడ్డిమోపులు, గుర్రపు జీనులు, తోలు బూట్లు, ఇంతింత టోపీలు. యాభై అరవై మంది ఆడా మగా వరసల్లో నిలబడి, నడుము మీద చేతులు పెట్టుకుని, ఒకేసారి కాలు ఎత్తి ఒకేసారి దింపుతున్నారు. ఇదేం ఊరురా దేవుడా అనుకున్నాను. అమెరికా రైతుల పాటలట. గుర్రాలూ, దుమ్ము రోడ్లూ, విరిగిన మనసులూ. కంట్రీ మ్యూజిక్ అంటారు. ఆ చుట్టుపక్కల పల్లెల్లో ఇలాంటి క్లబ్బులు చాలా ఉండేవి. మా ఊళ్లో గేదెలు కాసేవాడు ఇస్త్రీ చొక్కా కోసం కలలు కంటాడు. ఇక్కడ పళ్ల డాక్టరు గేదెలు కాసేవాడిలా తయారై శనివారం కోసం కలలు కంటున్నాడు. ఎవరి సరదా వాళ్లది!

నేను స్టేజీ ఎక్కి, అలవాటు కొద్దీ మా నాన్న పద్ధతిలోనే మైకు తట్టి “హలో, ఒకటి, రెండు, మూడు” అన్నాను. హాలంతా తిరిగి చూసింది. గిటారు భుజాన వేసుకున్న ఒక పొడుగాటి మీసాలాయన దగ్గరికొచ్చి, “అదేం భాష? ఇంకోసారి అను,” అన్నాడు. అన్నాను. ఆయన జేబులోంచి చిన్న నోటుబుక్కు తీసి, విన్నది విన్నట్టు జర్మన్ అక్షరాల్లో రాసుకున్నాడు. ఆ రాత నుంచి మా స్నేహం మొదలైంది.

ఆయన ఆ బృందానికి గాయకుడు. వారమంతా ట్రామ్ నడిపేవాడు, శనివారం పాడేవాడు. ఆ నోటుబుక్కుకి ఒక కథ ఉంది. బెర్లిన్ గోడ కూలకముందు, ఈ ప్రాంతమంతా తూర్పు జర్మనీగా ఉండగా, ఆయనకి ఇంగ్లీషు ముక్క రాదు, పాటల పుస్తకాలు దొరకవు. ఇంట్లో రేడియో గొంతు తగ్గించి పెట్టుకుని, గోడ అవతల పశ్చిమ జర్మనీ స్టేషన్లలో వచ్చే అమెరికా పాటల్ని చెవికి ఎలా వినపడితే అలా రాసుకునేవాడట. అర్థం తెలియకుండానే డెబ్భై పాటలు కంఠతా వచ్చేశాయి. అది విని నేను పడీపడీ నవ్వాను. మా గుడి క్వయిర్‌లో మేం చేసింది కూడా అదే కదా! క్రిస్మస్‌కి ఇంగ్లీషు పాటలు తెలుగు లిపిలో రాసుకుని పాడేవాళ్లం. అర్థం పాస్టరుగారికి కూడా తెలిసేది కాదు, శ్రుతి మాత్రం తప్పేది కాదు. ఇది చెప్తే ఆయన నన్ను కావలించుకున్నాడు.

నాకన్నా తొమ్మిదేళ్లు పెద్ద. మనసులో నాకు ఎప్పుడూ ‘మీరు’. కానీ ఆ బృందంలో ఎవరికీ మన్నన మాట వాడకూడదు, అది వాళ్ల నియమం. జర్మన్‌లో ‘నువ్వు’ అనాల్సిందే. మొదట్లో ఆ మాట గొంతులో అడ్డం పడేది.

మీకు ఇంకో సంగతి చెప్పాలి. ఆ ప్రాంతం వాళ్లు మెచ్చుకోవడంలో మహా పిసినారులు. బ్రహ్మాండంగా ఉందని చచ్చినా అనరు. ఎంత గొప్ప పని చేసినా “తప్పు పట్టడానికేం లేదు,” అంటారు. వాళ్ల నిఘంటువులో అదే భారతరత్న. ఆయన పక్కన అన్నేళ్లు పనిచేస్తే నా సౌండ్ గురించి ఆ మాట ఒక్కసారి అన్నాడు. ఆ రోజు ఇంటికి స్వీట్లు పట్టుకెళ్లాను.

ఆయన సొంతంగా కట్టిన పాట కూడా ఒకటి ఉంది, అదీ వాళ్ల యాసలో. ఆఖరి ట్రామ్ బయల్దేరబోతుంటే ఒకమ్మాయి దూరం నుంచి పరుగెత్తుకొస్తూ కనిపిస్తుంది. డ్రైవరు నియమం తప్పి రెండు నిమిషాలు ఆగుతాడు. అంతే పాట. ఆ అమ్మాయే ఆయన భార్యయింది, నేను చేరకముందే చనిపోయింది. పాట చివర్లో, ఆమె తలుపు దగ్గరికి చేరేచోట, ఒక పొడుగాటి స్వరం ఉంటుంది. ఊపిరి తీయకుండా పట్టి ఉంచాలి. అక్కడ హాల్లో గ్లాసు చప్పుడు కూడా వినపడేది కాదు.

ఇక నా జబ్బు సంగతి. నాకు జర్మన్ బాగానే వచ్చు, అంకెలు తప్ప. మనం తొంభై ఎనిమిది అంటాం, పెద్దది ముందు, చిన్నది తర్వాత. వీళ్లు తలకిందులుగా ‘ఎనిమిదిన్నీ తొంభై’ అంటారు. కాయితం మీద రాసి ఉంటే తప్పు చేయను. నోటితో చెప్పాలన్నా, ఫోన్లో వినాలన్నా, కాస్త కంగారుగా ఉంటే చాలు, నా బుర్ర తెలుగులోకి పారిపోతుంది. ఒకసారి ముప్పై నాలుగో నంబరు ఇంటికి బదులు నలభై మూడో నంబరు ఇంటి ముందు స్పీకర్లు దించాను, అక్కడ ఎవరో పోయారట. “అంకెలు ఫోన్లో చెప్పకండి, నాకివ్వండి ఫోను,” అని మా ఆవిడ ఎన్నిసార్లు మొత్తుకుందో! ఆవిడ మాట వినుంటే ఈ కథే లేదు.

కరోనా వచ్చింది. హాళ్లన్నీ మూశారు. పాడితే తుంపర్లు ఎగురుతాయని ముందు పాటలే ఆపారు. నా స్పీకర్లు గోడౌన్లో దుమ్ము కొట్టుకుపోతున్నాయి. మొదటి ఏడు క్రిస్మస్‌కి ముందు మా ప్రాంతంలో రోగం విరుచుకుపడింది. మా ఆవిడ డ్యూటీకి వెళ్తే ముఖం మీద మాస్కు గాట్లతో తిరిగొచ్చేది. ఒకరోజు వచ్చి, చేతులు కడుక్కుంటూ, నా వైపు చూడకుండా చెప్పింది.

“మీ ట్రామాయన మా వార్డుకి వచ్చారండీ. ఆక్సిజన్ పెట్టాం.”

మూడు వారాలు ఉన్నాడు. రోజూ ఆవిడే కబురు తెచ్చేది. చావు అంచుదాకా వెళ్లి వచ్చాడు. ఆక్సిజన్ తగ్గించిన రోజు ఆయన మా ఆవిడ చేయి పట్టుకుని అడిగాడట, మళ్లీ పాడగలనా అని.

“ఏం చెప్పావు?”

“పాడతారు అనేశాను. అలా చెప్పకూడదండీ, డాక్టర్లు కూడా చెప్పరు. ఆ ముసలాయన మొహం చూసేసరికి నోరు జారింది. ఇప్పుడు ఆయన పాడకపోతే నేను అబద్ధాలకోరునే కదా!”

మా ఆవిడ ఏడవగా నేను చూసింది చాలా తక్కువ. ఆ రోజు ఏడ్చింది.

వసంతం వచ్చేసరికి ఆయన మెల్లగా నడుస్తున్నాడు. మెట్లెక్కితే ఆయాసం. పాడమంటే మాత్రం తల అడ్డంగా ఊపేవాడు. ఊపిరికన్నా ముందు ధైర్యం పోయింది. అప్పుడే కార్ల కచేరీలు నడుస్తున్నాయి, గుర్తుందో లేదో. జనం కార్లలోంచి దిగరు. స్టేజీ మీద పాడింది చిన్న ట్రాన్స్‌మిటర్ ద్వారా కారు రేడియోలో వినిపిస్తుంది. చప్పట్లకి బదులు హారన్ కొడతారు. మే నెలాఖరుకి మా వాళ్లు ఒక ఫర్నిచర్ దుకాణం వెనక పార్కింగ్ స్థలంలో అలాంటిదే పెట్టారు. బృందంలో ఫిడేలు వాయించే ఆవిడ, బళ్లో డ్రాయింగ్ టీచరు, ఆయన ఇంటికి వెళ్లి కూర్చుని ఒప్పించింది.

“ఒక షరతు,” అన్నాడట. “నా ట్రామ్ పాట మొదట పాడతాను, ఒక్కణ్ణే. ఆ స్వరం నిలిస్తే మిగతావి పాడతాను. నిలవకపోతే దిగిపోతాను. ఇంకెప్పుడూ అడగొద్దు.”

ఇదీ అసలు సంగతి. ఆయన పాటా, మా ఆవిడ మాటా, రెండూ ఆ ఒక్క స్వరం మీద వేలాడుతున్నాయి.

జర్మనీలో కాయితం లేకపోతే గాలి కూడా వీయదు. ట్రాన్స్‌మిటర్‌కి అనుమతి కావాలి, ఫలానా ఫ్రీక్వెన్సీలోనే పంపాలని రాసిచ్చే ఆఫీసు ఉంది. కాయితం వచ్చింది. తొంభై ఎనిమిది. పాయింటు తర్వాతి అంకె వదిలేద్దాం, దానితో ఎవరికీ పేచీ రాలేదు. కాయితం చూసి మెషీన్‌లో తొంభై ఎనిమిదే పెట్టాను. ఆ సాయంత్రం ఫిడేలు ఆవిడ ఫోన్ చేసింది.

“గేటు దగ్గర పెట్టే బోర్డుకి రంగులు వేస్తున్నాను. జనం రేడియోలో ఎంత పెట్టుకోవాలి?”

నేను అప్పుడు నిచ్చెన మీద ఉన్నాను, నోట్లో స్క్రూడ్రైవరు. చెప్పాను. ఏం చెప్పానో నాకు తెలుసు, తొంభై ఎనిమిదే. నా బుర్రలో తొమ్మిది ముందు, ఎనిమిది తర్వాత. నోట్లోంచి జర్మన్‌లో అదే వరసలో వచ్చింది. తొమ్మిది ముందు, ఎనిమిది తర్వాత. జర్మన్ చెవికి అది ఎనభై తొమ్మిది. “భలే,” అని ఆవిడ ఫోన్ పెట్టేసి, నిలువెత్తు అంకెల్లో 89 వేసి, పక్కన ఎద్దు తల కూడా గీసింది. బోర్డు చాలా అందంగా వచ్చింది, అది మాత్రం ఒప్పుకోవాలి.

ఆ రోజు ఎండ బాగా కాసింది. నూటికి పైగా కార్లు వచ్చాయి. అందరూ టోపీలు పెట్టుకునే వచ్చారు, టోపీ కారు పైకప్పుకి తగులుతోంటే కిటికీలోంచి తల బయటపెట్టారు. ఏడాదికి పైగా గడిచాక ఒకరినొకరు చూసుకుని దూరం నుంచే చేతులు ఊపుకుంటున్నారు. గేటు దగ్గర చీటీలు పంచాం. నచ్చితే హారన్ కొట్టండి, మళ్లీ పాడమనాలంటే లైట్లు వెలిగించండి. వినపడకపోతే ఏం చేయాలో మాత్రం చీటీలో రాయడం మా బుద్ధిమంతుల్లో ఎవరికీ తోచలేదు.

మా ఆవిడకి డ్యూటీ పడింది. “పాడగానే మెసేజ్ పెట్టండి,” అని పొద్దున నాలుగుసార్లు చెప్పి వెళ్లింది.

ఆయన స్టేజీ ఎక్కాడు. బాగా చిక్కిపోయాడు, చొక్కా వేలాడుతోంది.  నేను స్టేజీకి ఎదురుగా మిక్సర్ దగ్గర, హెడ్‌ఫోన్ పెట్టుకుని. ఆ రోజు స్టేజీ దగ్గర స్పీకర్లు లేవు, పొరుగిళ్లకి గొడవ లేకుండా మొత్తం రేడియోలోనే. బయటికి ఆయన గొంతు పది అడుగులు కూడా వినపడదు. నా చెవుల్లో మాత్రం ఊపిరితో సహా వినిపిస్తోంది.

మొదలుపెట్టాడు. గొంతు పాతదే, కానీ సన్నబడింది, నెమ్మదించింది. ఇంతకుముందు ఆయన ఆ పాటని గర్వంగా పాడేవాడు. ఆ రోజు బతిమాలుతున్నట్టు పాడాడు. మాటకీ మాటకీ మధ్య ఊపిరి తీసుకోవడం వినిపిస్తోంటే, ఆ అమ్మాయి పరుగెత్తడం అందులోనే వినపడింది నాకు. ఆయన ఆయాసమే ఆమె ఆయాసమైపోయింది. 

రెండో చరణంలో ఎక్కడో ఒక హారన్ మోగింది. తర్వాత ఇంకోటి. తర్వాత పది. ఆయన తల ఎత్తాడు. కళ్లల్లో వెలుగొచ్చింది. హారన్లు పెరుగుతున్నాయి, ఆయన గొంతు కూడా పెరుగుతోంది. చూశారా జనం అభిమానం అని నేను కూడా పొంగిపోతున్నాను, ఎద్దులా.

ఎవరో భుజం తట్టారు. పట్టీల ప్యాంటు, మాస్కు, డెబ్భై ఏళ్ల పెద్దాయన. కార్లోంచి దిగకూడదన్న నియమం తప్పి వచ్చాడు.

“మేస్త్రీ, మాకు పాట ఎప్పుడు వినిపిస్తారు?” అన్నాడు. “మా రేడియోలో ఎవరో ఒకావిడ తెల్ల ఆస్పరాగస్ కాడలు ఎలా ఉడకబెట్టాలో చెప్తోంది. ముందు కార్యక్రమం అనుకుని ఇంతసేపు విన్నాం. మా ఆవిడ రాసుకుంది కూడా.”

“ఎంతలో పెట్టారు?”

“బోర్డు మీద ఉన్నదే. ఎనభై తొమ్మిది.”

 ఒక్క క్షణంలో నిచ్చెన, స్క్రూడ్రైవరు, ఫోను అన్నీ కళ్ల ముందు తిరిగాయి. ఆ హారన్లు మెప్పు కాదు. వినపడటం లేదు మహాప్రభో అని జనం మొత్తుకుంటున్నారు. ఆయన వాటిని చూసుకుని ప్రాణం పెట్టి పాడుతున్నాడు.

ట్రాన్స్‌మిటర్‌ని ఎనభై తొమ్మిదికి మార్చొచ్చు కదా అంటారు మీరు. మారిస్తే అది చట్టవిరుద్ధం, ఆ ఆస్పరాగస్ ఆవిడ స్టేషన్ మీద పడి తొక్కినట్టు. మారిస్తే జైలు నాకు. ఇక మిగిలిన దారి ఒకటే. మా పనిలో మొదటి సూత్రం, జనానికి వినపడకపోతే వెంటనే ఆపించు. మా నాన్న ఎమ్మెల్యే ప్రసంగం కూడా ఆపించాడు. నా ఎదురుగా ఎర్ర లైటు మీట ఉంది, నొక్కితే స్టేజీ మీద లైటు వెలుగుతుంది, ఆయన ఆగిపోతాడు. మీట మీద వేలు పెట్టాను.

ఆపి ఏం చెప్పాలి? “ఇప్పటిదాకా నిన్ను ఎవరూ వినలేదు, మళ్లీ మొదటి నుంచి పాడు,” అనాలా? ఆ ఊపిరి రెండోసారి వస్తుందా? హెడ్‌ఫోన్లో ఆయన ఆ చోటుకి వచ్చేశాడు. ఆమె తలుపు దగ్గరికి చేరుతోంది. ఆయన ఊపిరి లాగిన చప్పుడు నా చెవిలో పడింది. నేను వేలు తీసేశాను.

ఆ స్వరం నిలిచింది. ఎంతసేపో చెప్పలేను, లెక్కపెట్టలేదు. మొదట వణికింది, తర్వాత కుదురుకుంది, చివరికి సన్నటి దారంలా మిగిలి, తెగకుండా ఆగింది. నేను ఏడ్చేశాను. కళ్లజోడు, మాస్కు, అంతా తడిసిపోయింది. పక్కన ఆ పెద్దాయన మాత్రం ఏమీ వినపడక, నేనెందుకు ఏడుస్తున్నానో తెలియక, “పోనీలెండి, అంత బాధపడకండి,” అని నన్ను ఓదార్చాడు.

పాట అయిపోయింది. హారన్లతో ఆకాశం దద్దరిల్లింది. ఆయన టోపీ తీసి వంగి దండం పెట్టాడు. మైకు దగ్గరికొచ్చి, “నలభై ఏళ్లలో ఇంత మెప్పు ఎరగను,” అన్నాడు. అది కూడా నాకు తప్ప ఎవరికీ వినపడలేదు.

తర్వాత చూడాలి మా తిప్పలు! ఫిడేలు ఆవిడ స్టేజీ ఎక్కబోతుంటే ఆపి సంగతి చెప్పాను. ఆవిడ మొహం తెల్లబోయింది, మరుక్షణం కారు డిక్కీ తీసి రంగు డబ్బా పట్టుకొచ్చింది. రెండు అట్టముక్కల మీద 98 రాసి, ఆవిడ ఒక వరస, నేను ఒక వరస, తరిమిన కోళ్లలా కార్ల మధ్య పరుగెత్తాం. అలా చూపిస్తూ చూపిస్తూ చివరి వరసదాకా వెళ్లాం. స్టేజీ మీద మిగతావాళ్లు తీగలు సవరించుకుంటూ కాలం గడిపారు. ఆయన కుర్చీలో కూర్చుని నీళ్లు తాగుతూ, పెళ్లికొడుకులా నవ్వుతున్నాడు.

రెండో పాట అందరికీ వినపడింది. బాగా విని, అయ్యాక పద్ధతిగా హారన్ కొట్టారు. ఆయన మరో ఆరు పాటలు పాడాడు. దిగాక నా దగ్గరికొచ్చి, “మొదటి పాటకే జనం ఎక్కువ కొట్టారు కదూ?” అన్నాడు. “అవును,” అన్నాను. అబద్ధం కాదుగా!

రికార్డు వినొచ్చుగా అంటారేమో. నా పద్ధతి ఏమిటంటే, మొదటి పాటలో గొంతులు సరిచూసుకుని రెండో పాట నుంచి రికార్డు నొక్కుతాను. ఇరవై ఏళ్ల అలవాటు. మొదటి పాట గాల్లో కలిసిపోయింది.

ఇంటికి వెళ్లి మా ఆవిడకి అంతా చెప్పాను. తిడుతుందనుకున్నాను.  “నేను పాడతారన్నాను, పాడారు,” అంది. తర్వాత చెంగుతో కళ్లు తుడుచుకుని, “ఊరందరికీ పెట్టాల్సిన విందు మీరొక్కరే తినేశారన్నమాట. నాకైనా మిగల్చలేదు,” అంది.

ఆ తర్వాతి చలికాలం ఆయన ఊపిరితిత్తులు మళ్లీ మొరాయించాయి. డాక్టర్లు పాట వద్దన్నారు. ఇప్పుడు బృందంలో గిటారు మాత్రం వాయిస్తాడు, పాడేది వేరేవాళ్లు. ఆ ట్రామ్ పాట ఆయన మళ్లీ పాడలేదు. ఏడాదిపాటు నా కడుపులో ఆ రహస్యం బరువుగా ఉండిపోయింది. ఆయన ఆ ట్రామ్ పాట పాడిన ఆఖరిసారి అదే. అంత గొప్పగా పాడిన పాట, నా అంకెల జబ్బు వల్ల ఎవరికీ చేరలేదు. చెప్పాలని నోటిదాకా వచ్చేది, పెళ్లికొడుకులా నవ్విన ఆ మొహం గుర్తొచ్చి మింగేసేవాణ్ణి.

మరుసటి ఎండాకాలం నేను రిటైరయ్యాను. క్లబ్బు పెరట్లో చిన్న వీడ్కోలు పెట్టారు. సాసేజీలు కాల్చారు. మా ఆవిడ పులిహోర చేసుకొస్తే కౌబాయ్‌లంతా లొట్టలేసుకుంటూ తిన్నారు. తర్వాత ఏదో బహుమతి అని దుప్పటి కప్పిన ఒక పెద్ద పలక తెచ్చి నా ముందు పెట్టారు. దుప్పటి తీశాను.

ఎద్దు తల. పక్కన 89. చుట్టూ అందరి సంతకాలు.

 ఆయన మెల్లగా నడుచుకుంటూ వచ్చి నా ఎదురుగా కూర్చున్నాడు.

“నీకు ఎప్పటి నుంచి తెలుసు?” అన్నాను.

“ఆ రోజే. ముప్పై అయిదేళ్లు బోర్డులు చదువుకుని బతికినవాణ్ణి. గేటు దగ్గర ఎనభై తొమ్మిది, నీ చేతిలో తొంభై ఎనిమిది. మీరిద్దరూ కోళ్లలా పరుగెడుతోంటే చూడలేదనుకున్నావా?” అన్నాడు. “నువ్వు ఎప్పుడు చెప్తావో చూద్దామని ఊరుకున్నాను.”

“నన్ను క్షమించు. ఆ పాట ఎవరూ వినలేదు.”

“ఎందుకు వినలేదు? నువ్వు విన్నావుగా. హారన్లు కొట్టకపోతే నేను ఆ స్వరందాకా వెళ్లేవాణ్ణే కాదు. నువ్వు సరిగ్గా చెప్పుంటే జనం మర్యాదగా ఊరుకునేవాళ్లు, నేను మధ్యలోనే ఆగిపోయేవాణ్ణి.” ముందుకు వంగాడు. “నేను స్టేజీ మీద ఊపిరి కోసం కొట్టుకుంటున్నాను, నా పాట నాకే వినపడలేదు. విన్నది నువ్వొక్కడివే. ఎలా ఉందో చెప్పు.”

జర్మన్‌లో మాటలు వెతికాను. బాగుంది, చాలా బాగుంది, అన్నీ అట్టముక్కల్లా ఉన్నాయి. చివరికి నా బుర్ర ఎప్పటిలాగే తెలుగులోకి పారిపోయింది.

“కడుపు నిండిపోయిందండీ,” అన్నాను.

అన్నేళ్లలో మొదటిసారి ఆయన్ని ‘అండీ’ అన్నాను. పులిహోర గిన్నె దగ్గర మా ఆవిడ తల తిప్పుకుంది.

ఆయన జేబులోంచి ఆ పాత నోటుబుక్కు తీశాడు. అట్ట ఊడిపోయి, రబ్బరు బ్యాండు వేసి ఉంది. “ఇంకోసారి అను. నెమ్మదిగా,” అన్నాడు. అన్నాను. విన్నది విన్నట్టు రాసుకున్నాడు.

“అర్థం చెప్పనా?”

“వద్దు,” అన్నాడు. “అమెరికా పాటలు అర్థం తెలియనన్నాళ్లూ బ్రహ్మాండంగా పాడాను. తెలిశాక చూస్తే సగం పాటలు పాడదగ్గవే కావు.”

ఆ బోర్డు ఇప్పుడు మా వంటింట్లో ఉంది. కొత్తగా వచ్చినవాళ్లు ఇంటి నంబరనుకుంటారు. అది చూసినప్పుడల్లా నాకు సిగ్గూ సంతోషమూ రెండూ కలుగుతాయి, సంతోషమే కొంచెం ఎక్కువ. సూట్‌కేసు మోసుకుంటూ వచ్చినవాడికి ఒక దేశం ఇంతకన్నా ఏమిస్తుంది? నా మాట తలకిందులైనా నన్ను తలెత్తుకు తిరగనిచ్చారు.

నెలకో రెండు నెలలకో ఫోన్ మోగుతుంది. ఆయనే. హలో అనడు. ముందు ఊపిరి లాగిన చప్పుడు వినపడుతుంది. వాళ్ల యాసలో గట్టి అక్షరాలన్నీ మెత్తబడిపోతాయి.

“గడుబు నిండిబోయిందండి,” అంటాడు.

“తప్పు పట్టడానికేం లేదు,” అంటాను నేను.